టైరులో పోసే పంచరు మందు.. గండం గట్టెక్కడానికే!

మాసూళ్ల కాలం వచ్చిందంటే గుడివాడ, పెడన, మొవ్వ, చల్లపల్లి చుట్టుపక్కల డొంకలన్నీ ట్రాక్టర్లతో నిండిపోతాయి. ధాన్యం బస్తాలు మిల్లుకు చేరాలి. గడ్డి వామికి చేరాలి. నందివాడ, ముదినేపల్లి చెరువుల నుంచి చేపల బండ్లు, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు నుంచి రొయ్యల బండ్లు ఐసు కరగకముందే సరుకు దింపాలి. ఈ హడావుడిలో నడిదారిలో టైరు కూర్చుందంటే రైతు పని అంతే సంగతులు.

పంచరు పడటానికి మన ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ, నల్లతుమ్మ ముళ్లు. కోత మిషన్ల నుంచి ఊడిపడ్డ బోల్టులు, రేకు ముక్కలు. చెరువు గట్ల మీద పగిలిన గుల్లలు. పడగొట్టిన ఇళ్ల చెత్త తెచ్చి డొంకలో గుంటలు పూడిస్తే అందులోంచి లేచే తుప్పు మేకులు. పగలైతే ఎవరో ఒకరు సాయం వస్తారు. రాత్రిపూట కోడూరు నుంచి హంసలదీవి వెళ్లే దారిలోనో, కృష్ణా కరకట్ట మీదనో గాలి పోతే పంచరు షాపు ఎక్కడని వెతకాలి?

ఈ ఇబ్బందికి విరుగుడుగా ‘పంచరు లిక్విడ్’, ‘సీలెంటు’, ‘జెల్’ అనే పేర్లతో సీసాలు, డబ్బాలు దొరుకుతున్నాయి. విడిభాగాల దుకాణాల్లో, గాలి కొట్టే చోట వీటిని అమ్ముతున్నారు. కొత్త కార్లలో కొన్నింటికి స్టెప్నీ బదులు ఈ సీసానే ఇస్తున్నారు. 2020 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాల్లో ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, టైరు మరమ్మతు కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదన్నది ఆ సవరణ. అంచేత కారు కొన్నవాళ్లు డిక్కీ తెరిచి, లోపల స్టెప్నీ ఉందో సీసా ఉందో ముందే చూసుకోవడం మంచిది.

ఇంతకీ ఈ మందును నమ్మవచ్చా? నమ్మవచ్చు, కానీ పంచరు షాపు చేరేవరకే. అది చేసేది మరమ్మతు కాదు, గండం గట్టెక్కించడం మాత్రమే. ఈ తేడా తెలియక వాడితే టైరు పాడవుతుంది. ఒక్కోసారి మనిషి ప్రాణానికే ముప్పు వస్తుంది.

రెండు రకాలు

మొదటిది ముందుగానే టైరులో పోసి ఉంచేది. ఇది చిక్కటి జిగురు ద్రవం. ఎక్కువ రకాల్లో గ్లైకాల్, నీరు, సన్నని పీచు, రబ్బరు పొడి కలిసి ఉంటాయి. టైరు తిరుగుతున్నప్పుడు ఈ ద్రవం లోపలి గోడకు పూతలా అంటుకుని ఉంటుంది. మేకు దిగి గాలి బయటికి తన్నుకు వచ్చేటప్పుడు, ఆ గాలితోపాటు పీచు, రబ్బరు నలుసులు రంధ్రంలోకి చేరి బిరడాలా ఇరుక్కుంటాయి.

రెండోది పంచరు పడ్డాక వాడేది. ఇందులోనూ రెండు తరహాలున్నాయి. కార్లతో వచ్చే సీసాలో సాధారణంగా రబ్బరు పాలు ఉంటాయి. రబ్బరు చెట్టు నుంచి తీసే పాలే ఇవి, గడ్డకట్టకుండా మందులు కలుపుతారు. వీటిని కారు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ద్వారా టైరులోకి ఎక్కిస్తారు. మరో తరహా, దోమల మందు డబ్బాలా నొక్కితే బుస్సుమనేది. అందులో ద్రవంతోపాటు ఒత్తిడిలో ఉన్న గ్యాసు కూడా ఉంటుంది. పంపుతో పని లేకుండా ఆ గ్యాసే టైరును కొంతవరకు లేపుతుంది. ఈ తరహా గురించి రైతులు, పంచరు షాపులవారు ఎక్కువ తెలుసుకోవాలి. ఎందుకో కింద చెబుతాం.

ఎక్కడ పనికొస్తుంది?

టైరు నేలకు ఆనే భాగంలో, అంటే గళ్లున్న పట్టీ మీద పడ్డ చిన్న రంధ్రానికి ఇది బాగా పనిచేస్తుంది. రంధ్రం వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. మామూలు మేకు, స్క్రూ, తుమ్మ ముల్లు ఈ లెక్కలోకే వస్తాయి. ట్యూబులెస్ టైరయితే మేకు దిగినా రబ్బరు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి గాలి నిదానంగా పోతుంది. ఆ సన్నని సందును మందు తేలిగ్గా మూసేస్తుంది.

చీకట్లో ఆడవాళ్లు, పిల్లలతో వెళుతున్నప్పుడు, ఆసుపత్రికి మనిషిని తీసుకుపోతున్నప్పుడు, వానలో మెత్తబడిన నల్లరేగడి మీద జాకీ నిలవనప్పుడు ఈ సీసా విలువ తెలుస్తుంది. మచిలీపట్నం మీదుగా పోయే 216 జాతీయ రహదారి మీద గానీ, విజయవాడ వైపు వెళ్లే 65 జాతీయ రహదారి మీద గానీ లారీలు దూసుకుపోతుంటే రోడ్డు పక్కన చక్రం విప్పడమే పెద్ద ప్రమాదం. అలాంటి చోట మందు ఎక్కించి, మెల్లగా సురక్షితమైన చోటికి బండిని చేర్చుకోవడం తెలివైన పని.

ఎక్కడ పనికిరాదు?

టైరు పక్క గోడకు దెబ్బ తగిలితే మందు పోయడం దండగ. బండి నడిచేటప్పుడు పక్క గోడ నిరంతరం వంగి లేస్తుంటుంది. అక్కడ బిరడా నిలవదు. నిలిచినట్టు కనిపించినా నమ్మకూడదు. చీలిక, కోత, పీలిక లేచిన టైరు, రిమ్ము వంగి అంచు నుంచి గాలి పోతున్న టైరు, వాల్వు మొదట్లో తెగిన టైరు కూడా ఇంతే.

గాలి పూర్తిగా పోయాక కొంత దూరం నడిపిన టైరు మరీ ప్రమాదం. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి దాని లోపలి దారాలు తెగిపోయి ఉంటాయి. పైకి బాగానే కనిపిస్తుంది. మందు పోసి, గాలి కొట్టి ఎండలో పరుగెత్తిస్తే వేడెక్కి పేలిపోతుంది. లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే ఆ టైరు పని అయిపోయినట్టే.

ట్రాక్టరు, ట్రక్కు సంగతి వేరు

మన డెల్టాలో ట్రాక్టర్లకు, ట్రక్కులకు ఎక్కువగా ఉండేవి ట్యూబు టైర్లే. ట్యూబులెస్ టైరులో పనిచేసినంత చక్కగా మందు ట్యూబులో పనిచేయదు. సాగదీసి ఉన్న పలచటి ట్యూబుకు మేకు గుచ్చుకుంటే రంధ్రం గుండ్రంగా ఉండదు, చీలుతుంది. బండి కదిలేకొద్దీ మేకు అటూ ఇటూ గీరుతూ ఆ చీలికను పెంచుతుంది. ట్యూబులకు పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే వాడాలి. అప్పుడు కూడా ముందు మేకు లాగేయాలి.

బస్తాలతో నిండిన ట్రక్కుకు పంచరు పడితే మందు పోసి లాగించేద్దామనుకోవడం పొరపాటు. అన్ని టన్నుల బరువును జిగురు బిరడా మోయలేదు. టైరు ఒక్కసారిగా కూర్చుంటే కాలువ గట్టు మీద ట్రక్కు ఒరిగిపోతుంది. బరువు దింపి, వెడల్పాటి చెక్క మీద జాకీ నిలిపి, చక్రం మార్చడమే పద్ధతి. మెత్తటి నేలలో జాకీ కింద చెక్క లేకుండా పని మొదలుపెట్టకూడదు.

ఇంకో సంగతి. నాగలికి పట్టు దొరకాలని ట్రాక్టరు వెనుక టైర్లలో ముప్పాతిక వంతు దాకా నీళ్లు నింపే అలవాటు ఉంది. ఆ నీళ్లలో మందు పోస్తే పలచబడి పట్టు తప్పుతుంది. నీళ్లున్న టైర్లకు పనికొస్తుందని స్పష్టంగా రాసి లేకపోతే డబ్బు వృథా చేసుకోవద్దు. అలాగే ఈ టైర్లలో ఉప్పుటేరు నీళ్లు, రొయ్యల చెరువు నీళ్లు నింపకూడదు. కారినచోట రిమ్మును తినేస్తాయి.

నిప్పుతోనే అసలు ముప్పు

నొక్కుడు డబ్బాల్లో టైరును లేపడానికి వాడే గ్యాసు అన్నింట్లో ఒకటి కాదు. కొన్నింట్లో మండని గ్యాసు ఉంటుంది. కొన్నింట్లో ప్రొపేన్, బ్యూటేన్ వంటివి ఉంటాయి. ఇవి మన వంటింటి సిలిండరులో ఉండే గ్యాసులే. అలాంటి డబ్బా వాడితే టైరులో నిండేది ఉత్త గాలి కాదు, మండే గ్యాసు. వాల్వు దగ్గర చూస్తే తేడా ఏమీ కనిపించదు.

ఇప్పుడు పంచరు షాపులో జరిగే పనులు గుర్తు తెచ్చుకోండి. ట్యూబులెస్ టైరుకు రబ్బరు పుల్ల దించేముందు గరుకు సూదిని రంధ్రంలో పెట్టి గట్టిగా తిప్పుతారు. టైరు లోపల ఉక్కు తీగల వల ఉంటుంది. ఇనుము ఇనుమూ రాచుకుంటే నిప్పురవ్వ పుట్టవచ్చు. ట్యూబుకు వేడి ప్యాచ్ వేసేచోట మంటో, కరెంటు వేడో ఉంటుంది. పక్కనే ఒకరు బీడీ కాలుస్తుంటారు. టైరులో మండే గ్యాసు ఉందని పని చేసే కుర్రాడికి తెలియకపోతే పేలుడు ఎవరి ముఖం మీదికి వస్తుందో చెప్పనక్కరలేదు.

అందుకే మందు వాడినవారు షాపు చేరగానే చెప్పాల్సిన మొదటి మాట, ‘అబ్బాయ్, ఇందులో డబ్బా మందు ఎక్కించాం’ అని. డబ్బా పారేయకుండా తెచ్చి చూపించాలి. ‘మేకు ఎలాగూ కనిపిస్తోంది కదా, చెప్పేదేముంది’ అనుకోవద్దు. ఆ ఒక్క మాటతో అతను టైరును ఆరుబయట పెట్టి, వాల్వు పిన్ను తీసి, గాలంతా వదిలేసి, ఒకటి రెండుసార్లు మంచి గాలి ఎక్కించి వదిలాకే పని మొదలుపెడతాడు. పోసిన మనిషి, విప్పే మనిషి వేరు కాబట్టి ఈ జాగ్రత్త పోసినవారి మీదే ఉంది.

వెల్డింగు సంగతి ఇంతకంటే పెద్దది. ట్రక్కు రిమ్ము పగిలితే టైరు విప్పకుండానే వెల్డింగు పెట్టించడం పల్లెల్లో ఉన్నదే. మందు వాడినా, వాడకపోయినా ఇది ప్రాణాంతకం. రిమ్ము వేడికి లోపలి రబ్బరు ఉడికి మండే ఆవిర్లు విడుదలవుతాయి. అవి అంటుకుంటే టైరు బాంబులా పేలుతుంది. వాల్వు పిన్ను తీసేస్తే చాలనుకోవడం కూడా తప్పే. టైరును రిమ్ము నుంచి పూర్తిగా వేరు చేశాకే వెల్డింగు పెట్టాలి. బిగుసుకుపోయిన నట్లను గ్యాసు మంటతో కాల్చడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

డబ్బాను ఎండలో ఉంచడం మంచిది కాదు. మే నెలలో తలుపులు మూసిన కారులో, ట్రాక్టరు ఇంజను పక్కన పెట్టెలో వేడికి డబ్బా ఉబ్బి పగిలే అవకాశం ఉంది. వరిగడ్డి లోడు మీద, డీజిలు క్యానుల పక్కన అసలే ఉంచవద్దు.

పశువులు, చెరువులు జాగ్రత్త

ముందుగా పోసే రకాల్లో కొన్నింటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. ఇది రుచికి తియ్యగా ఉండే విషం. కుక్కలు నాకుతాయి, దూడలు మూతి పెడతాయి. లోపలికి పోతే మొదట తాగినట్టు తూలుతాయి, వాంతులు చేసుకుంటాయి. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకైనా ఇదే ప్రమాదం. మింగినట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా సీసా వెంటబెట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పశువైతే పశువైద్యుడికి చూపించాలి. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడిన రకాలు ఇంత విషం కావు. కొనేటప్పుడే పేరు చదివి ఎంచుకోవచ్చు.

టైరు కడిగిన నీళ్లను కాలువలోకి, చేపల చెరువులోకి, గేదెలు తాగే గుంటలోకి వదలకూడదు. కారిన మందు మీద మట్టి గానీ ఊక గానీ చల్లి, ఎత్తి వేరే పారేయాలి. ఖాళీ సీసాల్లో మంచినీళ్లు, నూనె, పురుగుమందు పోసుకోవద్దు. మూత నలిపి పడేయండి.

రబ్బరు పాల రకంలో నిల్వ కోసం అమ్మోనియా వాడతారు. ఘాటు వాసన వస్తుంది, కళ్లు మండుతాయి. చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం పక్కకు పెట్టి వాడాలి. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

వాడే పద్ధతి

1. బండిని రోడ్డు దించి, గట్టి నేల మీద నిలపండి. టైరు చుట్టూ చూసి, దెబ్బ ఎక్కడుందో గుర్తించండి. పక్క గోడకు తగిలితే మందు జోలికి పోవద్దు.

2. సీసా మీద తేదీ చూడండి. సాధారణంగా కొన్నేళ్ల గడువే ఉంటుంది. గడువు దాటితే రబ్బరు పాలు లోపలే గడ్డకడతాయి.

3. ట్యూబులెస్ టైరులో దిగిన మేకును మీరుగా లాగవద్దు. కిట్టు పుస్తకంలో లాగమని ఉంటేనే లాగండి.

4. వాల్వు కింది వైపు లేకుండా చక్రాన్ని తిప్పి నిలపండి. సీసాను బాగా ఊపి, పూర్తిగా ఎక్కించండి. తర్వాత బండి పుస్తకంలో రాసిన మేరకు గాలి కొట్టండి.

5. వెంటనే కదలండి. టైరు తిరిగితేనే మందు చుట్టూ పరుచుకుంటుంది. మందు పోసి టీ తాగడానికి కూర్చుంటే అంతా అడుగుకు చేరుతుంది.

6. కొన్ని కిలోమీటర్లు పోయాక ఆగి గాలి చూడండి. కొన్ని కార్ల పుస్తకాల ప్రకారం అప్పటికి 1.3 బార్, అంటే సుమారు 19 పౌండ్లకు పడిపోయి ఉంటే ముందుకు పోకూడదు. ఆ రంధ్రం మూసుకోలేదని అర్థం.

7. గాలి నిలిచినా గంటకు 80 కిలోమీటర్లు మించవద్దు. మన డొంకల మీద, లంక దారుల్లో అంతకంటే చాలా తక్కువే మంచిది. దగ్గరలోని పంచరు షాపుకు నేరుగా వెళ్లండి.

కార్లకు చేసిన సీసాలు కొన్నింటి మీద మోటారు సైకిళ్లకు వాడవద్దని రాసి ఉంటుంది. రెండు చక్రాల బండికి ముందు టైరు కూర్చుంటే మనిషి పడిపోవడమే. కాబట్టి చదవకుండా పోయవద్దు.

సందేహాలు - సమాధానాలు

ముందే మందు పోసి ఉంచితే ఇక పంచర్ల బెంగ లేదా?

బెంగ తగ్గుతుంది, జాగ్రత్త తగ్గకూడదు. మేకు దిగినా గాలి పోదు కాబట్టి మీకు తెలియదు. ఆ సందులోంచి నీరు లోపలికి పోయి ఉక్కు తీగలను తుప్పు పట్టిస్తుంది. దివిసీమ చౌడు నేలల్లో, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పునీటిలో తిరిగే బండ్లకు ఈ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. వారానికోసారి టైరు తుడిచి, మేకులున్నాయేమో చూసి తీయించాలి.

మందు పోశాక బండి ఊగుతోంది, ఎందుకని?

బండి నిలిపి ఉంచినప్పుడు ద్రవం అడుగున చేరి ఒకపక్క బరువెక్కుతుంది. కొలతకు మించి పోస్తే ఊపు ఎక్కువ. కొంత దూరం పోయాక కూడా తగ్గకపోతే ఆపి టైరు చూపించాలి.

మందు వాడిన టైరుకు మళ్లీ ప్యాచ్ వేయించవచ్చా?

రంధ్రం చిన్నదై, పట్టీ మధ్యలో ఉంటే వేయించవచ్చు. టైరు విప్పి, మందంతా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టాకే వేయాలి. తడి మీద ప్యాచ్ పట్టదు. వాల్వు పిన్ను కూడా మార్పించాలి. జిగురుతో మూసుకుపోతే గాలి ఎక్కదు. కారులో గాలి తెలిపే పరికరం ఉంటే దాన్నీ తుడిపించాలి. మందును ఏళ్ల తరబడి లోపలే వదిలేస్తే రిమ్ము తుప్పు పడుతుంది.

సీసా ఉంటే స్టెప్నీ అక్కర్లేదా?

సరుకు తోలే బండికి స్టెప్నీ, జాకీ, నట్ల పానా ఉండాల్సిందే. సీసా వాటికి తోడు మాత్రమే. స్టెప్నీలో గాలి ఉందో లేదో నెలకోసారి చూసుకోవాలి. పంచరు పడ్డాక చూస్తే అది కూడా కూర్చుని ఉంటుంది.

మరవకూడనివి

- పంచరు మందు షాపు దాకా చేర్చేది, మరమ్మతు కాదు.

- పట్టీ మీద 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే వాడాలి. పక్క గోడకు వద్దు.

- లోడు మీదున్న ట్రక్కుకు మందును నమ్ముకోవద్దు.

- మండే గ్యాసు లేని డబ్బానే కొనండి. నిప్పు గుర్తు ఉంటే తిరిగి ఇచ్చేయండి.

- మందు వాడిన సంగతి పంచరు వేసేవారికి తప్పకుండా చెప్పండి.

- టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగు వద్దు.

- పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచండి. కాలువల్లో, చెరువుల్లో పోయవద్దు.